రుక్కమ్మ ఏడు పట్టెల చెక్క

గాండ్ల రుక్కమ్మ గుర్రుగ చూసిందంటే గుడ్డపీలిక దానంతట అదే అంటుకుంటది. అగ్గిపుల్ల అక్కర లేదు, కిరసనాయిలు అక్కర లేదు. నారాయణఖేడ్‌ల ఈ ముచ్చట తెల్వనోడు లేడు. నమ్మకుంటే కంగ్టికి పోయే రోడ్డు మీద ఆమె గానుగ దుకాణం ఎదుట ఉన్న చాయ్ హోటల్ కాడికి పోయి అడగాలె. తాగేటోడు గిలాస కింద పెట్టి మరీ చెప్తడు. పక్కనోడు ఊకుంటడా? మంచం కోడును ఒక్కసారి నాలికతోటి తాకి, దానికి ఏ నూనె పట్టిచ్చిండ్రో, ఆ గింజ నాగల్‌గిద్ద నల్లరేగడిల పండిందా కల్హేర్ చెల్కల పండిందా, కోతనాడు వాన పడ్డదా లేదా, అన్నీ చెప్తదని కలుపుతడు. మూడోవాడు ఇంకో మెట్టు ఎక్కుతడు: ఆ చేను రైతు ఆ పొద్దు పెండ్లాంతోటి కొట్లాడిండా లేదా, అది గూడ నూనెల తెలుస్తదంట.

రుక్కమ్మకు యాభై ఎనిమిదేండ్లు. సన్నటి మనిషి, గానుగ రోకలి లెక్క నిటారుగ ఉంటది. పుట్టినిల్లు నాగల్‌గిద్ద దిక్కు. ఆ దిక్కు కన్నడం, తెలుగు ఒకే నోట్లె తిరుగుతయ్ గనుక ఇప్పటికీ అవిసెలను ‘అగసె’ అంటది, కుసుమలను ‘కుసుబె’ అంటది. మూడో తరగతిల బడి ఇడిసిపెట్టింది. అందుకే ఆమెకు ప్రశ్నలడిగే అలవాటు పోలేదు. ఎక్కువ చదివినోళ్లకు జవాబులు ముందుగాల్నే తెలిసి ఉంటయ్ గద, అడిగే పని పడదు.

మొగడు శివరాజ్ ఉన్నన్ని దినాలు ఎద్దు గానుగ నడిచింది. ఆయన పోయినంక ఎద్దును అమ్మి మోటర్ పెట్టిచ్చింది. కొన్నాయన చేన్ల ఆ ఎద్దు ఏడాది దాక గుండ్రంగనే దున్నిందని చెప్తరు. అది నిజమో కాదో ఎద్దే చెప్పాలె. మోటర్ తిప్పినా గానుగ మాత్రం కట్టెదే. పల్లి, నువ్వులు, కుసుమ, అవిసె, ఎవరు ఏ గింజ తెస్తే అది పట్టిస్తది.

నాలుగేండ్ల కింద ఆ దుకాణానికి కట్టె పని చేసే వడ్ల సంగమేశ్వర్ వచ్చి ఒక ముచ్చట అడిగిండు.

“అత్తా, ఒక గిరాకీ పాలిషి వద్దంటుండు, రంగు వద్దంటుండు. కుర్చీకి ఉత్త నూనె రాసియ్యమంటుండు. ఏ నూనె రాయాలె?”

“కట్టెకేం నోరుందారా రుచి చూసెతందుకు? పల్లినూనె కొండవో.”

సంగమేశ్వర్ కొండవోయిండు. రాసిన నాడు కుర్చీ పెండ్లికొడుకు లెక్క మెరిసింది. వానలు మొదలు కాంగనే ముక్కిన వాసన కొట్టింది, చీమలు బారులు కట్టినయ్. కూసున్న మనిషి లేస్తే ధోతి లేవకపోయె. కుర్చీ వాపసొచ్చింది. సంగమేశ్వర్ దాన్ని తెచ్చి గానుగ ముందట పెట్టి, ఒక్క మాట అనకుండ పోయిండు. తిడితే రుక్కమ్మ గూడ నాలుగు తిట్టి మరిచిపోతుండె. అనకపోవుడే గుచ్చుకున్నది.

తిండికి ఇంత కమ్మగుండే నూనె కట్టె మీద ఎందుకు చెడ్డది? తలకు మంచిదైన కొబ్బరినూనె కట్టెకు మంచిదైతదా? బండి ఇరుసుకు పోసే ఆముదం సంగతేంది? అడుగుదమంటే చెప్పేటోడు లేడు. అప్పుడు అటక మీది పాత మామిడి తలుపు రెక్క ఒకటి దించి, గీకి గీకి తెల్లగ జేసి, బొగ్గుతోటి ఏడు పట్టెలు గీసింది. ఆరు పట్టెలకు ఆరు నూనెలు. ఏడోది ఉత్తగ ఇడిసిపెట్టింది, ఏమీ రాయకుంటే ఏమైతదో చూడాలె గద. అక్షరాలు కూడబలుక్కునుడు కష్టం గనుక, ఒక్కో పట్టె నెత్తిన దాని గింజనే తేనెమైనంతోటి అంటిచ్చింది. పల్లిగింజను మూడో నాడే ఉడుత ఎత్తుకపోయింది.

“పోతే పోనీ. ఆ పట్టె పేరు దాని వాసనే చెప్తది,” అన్నది.

పరీక్ష పెట్టే తీరు గూడ ఆమెదే. పట్టె మీద చిటికెడు జొన్నపిండి చల్లుతది, ఉఫ్ అని ఊదుతది. పిండి లేచిపోతే నూనె ఆరినట్టు. అతుక్కుంటే ఆరనట్టు. తర్వాత నీటిబొట్టు ఒకటి ఇడుస్తది. బొట్టు ముత్యం లెక్క నిలబడ్డదా, లోపటికి ఇంకిందా అని చెంపకు చెయ్యి పెట్టుకొని చూస్తది. గిరాకీ వచ్చి గల్లీ అంత ఇనబడేటట్టు పిలిచినా పలకది.

పల్లి పట్టె నెలన్నర దాటినా పిండిని ఇడువలే. ఆముదం పట్టె మెరిసింది గని, ఊర్లె దుమ్మంత తన మీదనే ఏసుకున్నది. నువ్వులది సగం ఆరి సగం ఆరక సతాయించింది. కొబ్బరి పట్టె చలికాలం పొద్దుగాల తెల్లగ పేరుకున్నది, ఎండెక్కంగనే మళ్ల కరిగింది. కుసుమ నూనె మెల్లమెల్లగ ఆరింది, కట్టె రంగు మార్చకుంట. అవిసె నూనె అన్నిటికన్న ముందుగాల ఆరింది, గట్టి పడ్డది, కట్టెకు తేనె రంగు వచ్చింది. ఎండకాలమంత గాజు సీసలల్ల పోసి ఎండల పెట్టిన అవిసె నూనెను అదే పట్టె కొసకు రాస్తే ఇంకా జల్దీ ఆరింది. ఉత్త పట్టె మీద ఏడాదికల్ల నెర్రెలు పడ్డయ్.

నూనెలల్ల ఆరేటివి, ఆరనివి రెండు జాతులున్నయని రుక్కమ్మకు ఎవరు చెప్పలే. చెక్కనే చెప్పింది. అప్పటి సంది సంగమేశ్వర్ పాలిషి వద్దన్న ప్రతి సామాను మీద అవిసె నూనెనే పలుచగ రాస్తుండు. తెల్లకట్టెకు కుసుమ. మొన్నటి దాక ఒక్కటి వాపసు రాలే.

ఈ ఎండకాలం ఒకదాని మీద మాటొచ్చింది. అది చంద్రమ్మ మంచం.

చంద్రమ్మది కల్హేర్ దిక్కు రైతిల్లు. ముప్పై ఏండ్ల సంది వాళ్ల నువ్వులు, కుసుమలు రుక్కమ్మ గానుగకే వస్తయ్. ఒకలనొకలు వదినె అనుకుంటరు. కాపురానికొచ్చిన ఏడాది చంద్రమ్మ గెట్టు మీద ఒక వేపమొక్క పెట్టింది. అది మాను అయినంక, రోడ్డు పెద్దగ చేస్తమని కొట్టేసిండ్రు. మొద్దును ట్రాక్టర్ల ఏపిచ్చుకొని వచ్చి, కోత మిషిన్‌ల చెక్కలు కోపిచ్చి, రెండేండ్లు నీడకు ఎండబెట్టి, సంగమేశ్వర్‌తోటి చెక్కలు పరిచిన మంచం చేయిచ్చుకున్నది. నారాయణఖేడ్‌ల కొడుకు కట్టిన కొత్తింట్ల ఆ మంచం మీద పండుకోవాలె, అదొక్కటే ఆమె కోరిక. పాలిషి వాసనొస్తే ఆమెకు దమ్ము లేస్తది. అందుకే నూనె.

అవిసె నూనె కొననీకె చంద్రమ్మ శుక్రవారం వచ్చింది.

“అర్ధ లీటర్ చాలు వదినె,” అన్నది రుక్కమ్మ.

“రెండు లీటర్లు పొయ్యి. సంగమేశ్ రేపొస్తుండు. రేపు శనివారం, తక్కువ పడితే కొంటమా?”

శనివారం నూనె కొనరు, ఇనుము కొనరు. రుక్కమ్మ గూడ ఆ పొద్దు నూనె అమ్మది. రెండు లీటర్ల డబ్బ నింపి ఇచ్చింది.

పది దినాలకు, మంగళారం పొద్దుగాల సంగమేశ్వర్ బండి ఆపుకుంటనే అన్నడు, “అత్తా, మంచం పాకం పట్టింది.”

“ఏం పాకం?”

“బెల్లం పాకం. ఒచ్చి చూడు.”

కొత్తింటి వాకిట్ల రేకుల కింద మంచం ఉన్నది. ఆ మంచం ఎక్కిన కోడిపెట్ట దిగలేక మూడు వారాలు ఆడనే గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలతోటి దిగిందని తర్వాత ఊరంత చెప్పుకున్నరు. మంచానికి నూనె రాసి పది దినాలాయె, కోడికి మూడు వారాలు ఎక్కడివని అడిగినోడు లేడు. కోడి సంగతేమో గని, నాలుగు ఈకలు మాత్రం అతుక్కొని ఉన్నయ్. రుక్కమ్మ కండ్లార చూసింది. నడిమి చెక్క మీద పాల మీది మీగడ లెక్క ముడతలు లేచినయ్. వేలు పెడితే వేలి గుర్తు పడ్డది.

“ముప్పై ఏండ్ల సంది నీ నూనె తింటున్న వదినె,” అన్నది చంద్రమ్మ. “కూరలకు మంచిది పోసి, మంచానికి గిది పోసినవా?”

రుక్కమ్మ వంగి, మంచం కోడుకు ముక్కు ఆనిచ్చి వాసన చూసింది. మళ్ల చూసింది.

“కుసుబె వాసనొస్తుంది,” అన్నది మెల్లగ.

అన్నంక యాదికొచ్చింది. ఆ అవిసెలు పట్టిచ్చే ముందటి దినం గానుగల కుసుమలే పట్టిచ్చింది. గానుగ సరిగ్గ తుడిసిందా? తుడవకుంట రెండూ కలిపి ఇచ్చిందా? తన నోటితోటి తన మీదనే నేరం మోపుకున్నట్టయింది.

చంద్రమ్మ కోడలు సంధ్యారాణి బడిల పంతులమ్మ. మాట కొలిచి మాట్లాడుతది. “పెద్దమ్మా, తప్పు ఎవరిదని నేనంటలేను. కొత్త బొంత దీని మీద ఎట్ల పరుస్త? జహీరాబాద్‌ల ఇనుప మంచం చూసి పెట్టిన. దుకాణమాయన వచ్చే వారం బేస్తారం దాక ఎవరికియ్యనన్నడు. అప్పటి దాక ఆరితే ఇదే లోపటికొస్తది. ఆరకుంటే అది.”

“ఇనుప మంచమా,” అన్నది చంద్రమ్మ. “చలికాలం చల్లగ, ఎండకాలం ఎచ్చగ. దవాఖానల పండుకున్నట్టే.”

“ఆ బేస్తారం పోతే ఐతారమే గృహప్రవేశం అత్తమ్మా. నువ్వు కింద పండుకుంటవా మరి?”

చంద్రమ్మ ఈకలు పీకుకుంట కూసున్నది. ఒక ఈక సగం వచ్చి సగం చెక్కకే ఉండిపోయింది.

ఇంటికి రాంగనే రుక్కమ్మ చెక్క దించింది. చంద్రమ్మకు పోసిన సీసల మిగిలిన అవిసె నూనె తీసుకొని, ఏడు పట్టెల కింద ఖాళీ జాగల బెత్తెడంత రాసింది. గానుగ పొడుగూత గుడ్డతోటి తుడిసి గుడ్డను వాసన చూసింది. కుసుమ జాడ లేదు. మరి ముక్కు ఎందుకట్ల చెప్పింది? ముక్కు మీదనే అనుమానం వచ్చింది. ఆ పొద్దు మజ్జిగ గూడ వాసన చూసి తాగింది, అది మజ్జిగనేనా అని.

తెల్లారి ఇంకో అనుమానం. నూనె మంచిదే అయితే కట్టెలో ఏమన్న ఉందా? వేప చేదు నూనెను ఆరనియ్యదా? సంగమేశ్వర్‌ను పిలిచి ఆ మంచం చెక్కలల్ల మిగిలిన ముక్క తెప్పిచ్చి, దానికీ రాసింది. మామిడి మీద ఒకటి, వేప మీద ఒకటి, పక్కపక్కన ఎండల పెట్టి గొడుగు పట్టుకొని కూసున్నది. పొయ్యేటోళ్లు వచ్చేటోళ్లు గీమె గొడుగు కింద, చెక్కలు ఎండల ఏందని నవ్విండ్రు.

శుక్రవారం పొద్దుగూకే యాళ్లకు పిండి చల్లి ఊదింది. మామిడి మీదిది లేచిపోయింది. వేప మీదిది గూడ లేచిపోయింది.

“అంటే నూనె ఆరుతది,” అన్నడు సంగమేశ్వర్.

“కట్టె గూడ తాగుతది. ఇగ ఏం మిగిలింది?”

“చెయ్యి,” అన్నడు వాడు, అని తన చేతులు చూసుకున్నడు. “నా దిక్కు చూడకు అత్తా. నువ్వు చెప్పినట్టే గుడ్డతోటి పట్టిచ్చిన, అర్ధగంట ఆగి పొడి గుడ్డతోటి తుడిసిన. సంగమేశ్వరుని తోడు.”

“నీ మీద నువ్వే ఒట్టు పెట్టుకుంటవా? మొత్తం ఎంత పట్టింది?”

“పావు లీటర్ గూడ పట్టలే.”

పిండి డబ్బ మూత పెట్టబోయిన రుక్కమ్మ చెయ్యి ఆగింది. పావు లీటర్. మరి కొండవోయింది రెండు లీటర్లు.

అప్పటికప్పుడు సంగమేశ్వర్ బండెక్కి కొత్తింటికి పోయింది. చంద్రమ్మ వాకిట్ల వడియాలు ఎత్తుతుంది. ప్రహరీ గోడ మీద నూనె డబ్బ బోర్లిచ్చి ఉన్నది. రుక్కమ్మ దాన్ని తీసి ఊపి చూసింది. గాలి తప్ప ఏం లేదు.

“వదినె, మిగిలిన నూనె ఏది?”

“మిగల్లే.”

“సంగమేశ్ రాసింది పావు లీటరేనంట గద.”

చంద్రమ్మ వడియాల చేట కింద పెట్టింది. “ఆ పొద్దు శనివారమాయె. గడప దాటి వాకిట్లకొచ్చిన నూనె మళ్ల లోపటికి తెచ్చుకుంటమా? ఇంకొకలకు ఇస్తే శనిని ఇచ్చినట్టు. కింద పారబోస్తే పాపం. సంగమేశ్ పోయినంక మంచానికే పోసిన. తాగనీ అనుకున్న. చెట్టుగ ఉన్నప్పుడు బిందెలు బిందెలు పోసిన, ఎన్నడు వద్దనలే.”

సంగమేశ్వర్ అటు తిరిగి గోడతోటి నవ్విండు. రుక్కమ్మకు నవ్వు రాలే, కోపం గూడ రాలే. ఆమెకు వేరే సంగతి తెలుసుకోవాలె.

“ముడతలు ఎన్నో నాడు లేచినయ్?”

“మూడో నాడో నాలుగో నాడో.”

“ఎండ తగిలిన దిక్కు ముందుగాల్నా?”

“అవునే. నీకెట్ల తెలుసు?”

రుక్కమ్మ మంచం పక్కన కూలవడి, ముడతను గోటితోటి మెల్లగ లేపింది. పైన పలుచటి తోలు, కింద పచ్చి నూనె. ఈ నూనెను ఆరబెట్టేది గాలి. పైపొర గాలి తగిలి తోలు కట్టింది. తోలు కింద చిక్కిన నూనెకు గాలి అందలే. నూనె మంచిదే, కట్టె మంచిదే, ఎక్కువైన ప్రేమ ఒక్కటే ఆరలే. నాలుగేండ్లల్ల ఏడు పట్టెలు పెట్టింది గని, ఒక్క పట్టె మీద నూనె కుమ్మరిచ్చి చూద్దమన్న ఆలోచన రాలేదు. గింత బుద్ధి ఎట్ల తప్పిపోయిందని తన నెత్తిన తానే మెల్లగ ఒకటి ఏసుకున్నది.

“గీ ముచ్చట మంగళారమే చెప్పరాదా వదినె?”

“నువ్వు అడిగితివా? వంగి వాసన చూస్తివి, కుసుమ అంటివి.”

రుక్కమ్మ ఖాళీ డబ్బను మళ్ల గోడ మీద బోర్లిచ్చి బండెక్కింది.

తెల్లారి మళ్ల శనివారం. రుక్కమ్మ చిన్న గిన్నెల నూనె, రెండు గోనె ముక్కలు, పాత ధోతి పీలికలు పట్టుకొని వచ్చింది. చంద్రమ్మ గడపలనే నిలబడ్డది.

“శనివారం నూనె ముట్టుకుంటమా?”

“నువ్వు ముట్టుకోకు, కొనకు. నేను అమ్మను. నా గిన్నె, నా నూనె. మిగిలితే నా ఇంటికే పోతది, శని వస్తే నా వెంటనే వస్తడు.”

కొత్త నూనె రెండు చుక్కలు పెట్టి గోనెతోటి రుద్దితే పాత జిగట మెత్తబడి లేచింది. లేచినదాన్ని లేచినట్టే పీలికతోటి తుడిసేసుడు. ఒక దిక్కు సంగమేశ్వర్, ఒక దిక్కు రుక్కమ్మ. ఎండ నెత్తి మీదికొచ్చేసరికి ఈకలు పోయినయ్, ముడతలు పోయినయ్. చంద్రమ్మ ఊకోలేక తుడిసిన పీలికలన్నీ మూటగట్టి మూలకు పెట్టబోయింది. రుక్కమ్మ ఉరికొచ్చి ఆ మూట గుంజుకొని, ఒక్కో పీలికను విప్పి కంచె మీద ఆరేసింది.

“పారేసే గుడ్డలకు ఇంత మర్యాదనా?” అన్నది చంద్రమ్మ.

“మూటగడితే మంచంతోటి పాటు ఇల్లు గూడ పోతది. నిరుడు సంగమేశ్ కొట్టంల గట్లనే ముద్ద జేసి పడేసిన గుడ్డలు కాలినయ్.”

ఆ మాట గోడ అవతల బోరింగు కాడ నీళ్లు పట్టుకుంటున్నోళ్లు ఇన్నరు. ఇన్నది ఎట్ల పెరగాల్నో అట్ల పెరిగింది.

ఐదు దినాలు మంచం రేకుల కింద గాలికి నిలబడ్డది. వైశాఖం ఎండ, కంగ్టి దిక్కు నుంచొచ్చే పొడి గాలి. రోజు పొద్దుగాల రుక్కమ్మ వచ్చి అరచెయ్యి ఆనిచ్చి చూసి పోయేది. చంద్రమ్మ ఆమె ముఖం చూసి ముచ్చట పట్టుదమనుకునేది. గానుగల నలిగిన ముఖంల ఏం దొరుకుతది?

బేస్తారం పొద్దుగూకినంక సంధ్యారాణి బడి నుంచి వచ్చి, ఫోను ఒక చేతిల, జొన్నపిండి ఒక చేతిల పట్టుకొని నిలబడ్డది.

“పెద్దమ్మా, నేనే చల్లుతా. నేనే ఊదుతా.”

“నువ్వే ఊదు బిడ్డా.”

నడిమి చెక్క మీద చల్లింది. చంద్రమ్మ కొంగు నోట్లె పెట్టుకున్నది. సంధ్యారాణి వంగి ఊదింది. పిండి అంత లేచిపోయి ఎదురుంగ నిలబడ్డ సంగమేశ్వర్ మీసాలల్ల పడ్డది. ఆమె ఊకోలే. తెల్ల రుమాలు తీసి, మంచం నాలుగు కోళ్లు, తలాపు, కాళ్లాపు గట్టిగ రుద్దింది. రుమాలు తెల్లగనే ఉన్నది. నీటిబొట్టు ఇడిసింది. బొట్టు గుండ్రంగ నిలబడ్డది.

అప్పుడు ఫోను చేసింది. “అన్నా, ఆ మంచం ఎవరికన్న ఇచ్చుకోరి. మాకు అక్కరలేదు.”

ఐతారం నాడు పాలు పొంగినంక మంచాన్ని లోపటికి మోసిండ్రు. చుట్టాలందరు భోజనాలల్ల ఉన్నప్పుడు చంద్రమ్మ పోయి బొంత పరచకుంటనే, ఉత్త చెక్క మీద ఒరిగింది. రుక్కమ్మ తలుపు కాడ నిలబడి ఆమె ఊపిరి ఇన్నది. దమ్ము లేవలే.

“ఏం వాసనొస్తుంది వదినె?”

చంద్రమ్మ కండ్లు మూసుకొనే ముక్కు చెక్కకు ఆనిచ్చింది. “కొంచెం గింజ వాసన. కొంచెం వేప.” ఇంకొంచెం ఆగి అన్నది, “కోడి వాసనైతే లేదు.”

ఆ తర్వాత మంచం కత మంచం కన్న పెద్దగయ్యింది. ఇప్పుడు రుక్కమ్మ చెక్క మీద ఎనిమిది పట్టెలున్నయ్. ఎనిమిదోది అవిసె నూనె కుమ్మరిచ్చిన పట్టె, నెత్తిన గింజకు బదులు ఒక కోడి ఈక. చాయ్ హోటల్ బీరప్ప పొద్దుకో నలుగురికి ఆ చెక్క చూపిచ్చి, చూపుతోటి గుడ్డలు కాలుడు, నాలికతోటి నూనె పట్టుడు, గుడ్లు పొదిగిన కోడి, అన్నీ వరుసగ చెప్తడు. మొన్న ఒకనాడు రుక్కమ్మ చాయ్‌కి వచ్చి ఎనకనే నిలబడి మొత్తం ఇన్నది. నిజమేనా అమ్మా అని కల్హేర్ నుంచొచ్చిన ఆటో అతను అడిగిండు. ఆమె గిలాస అందుకున్నది, రెండుసార్లు ఊదింది, చెప్పింది:

“నేను దేన్నీ గుర్రుగ చూడలే. సంగమేశ్ కొట్టంల గుడ్డలు కాలిన నాడు నేను మా ఇంట్ల పండుకున్న. అవిసె నూనె గుడ్డలు ముద్ద జేసి పడేస్తే వాటికవే కాగి అంటుకుంటయ్, విప్పి ఆరేసుకోవాలె. మంచం నాకలే. వాసన చూసి కుసుమ అన్న, అది గూడ తప్పే.”